మామిడికాయ లేని వంట

మార్చి 28, శనివారం

నవమి డ్యూటీ అయిపోయింది. మూడు రోజులు భద్రాచలం మెడికల్ క్యాంపులో నిలబడి నిలబడి కాళ్ళు బండల్లా అయ్యాయి. ఎండదెబ్బ తగిలినవాళ్ళు, తప్పిపోయినవాళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్ చేతిలో పెడితే కళ్ళకద్దుకుని కొంగున కట్టుకున్న ముసలమ్మ ఒకావిడ. తాగాలమ్మా అని ఎంత చెప్పినా వినలేదు.

పిల్లలిద్దరినీ కోటేష్ సార్ వాళ్ళింట్లో వదిలి వెళ్ళాను. ఆయన ఈ ఊరి బడిలో టీచర్. ఆయన భార్య కవిత తన చంటిదానితోపాటు నా ఇద్దరినీ సాకింది. నేను వెళ్ళేసరికి కృప తలకు నూనె రాసి, రెండు జడలు వేసి ఉన్నాయి. డానీగాడు నన్ను చూసి "ఇప్పుడొచ్చినవా?" అని మొహం తిప్పుకున్నాడు. నాలుగేళ్ళవాడికి ఆ పొగరు ఎక్కడిదో నాకు తెలుసు. అది సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతోంది.

ఆ పొగరుతో మాట్లాడి నాలుగు రోజులైంది. నాకేం బాధ లేదు.

మార్చి 29, మట్టల ఆదివారం

చర్చి భద్రాచలంలో, మేము పర్ణశాల దాటి ఇంకా లోపల. ఆదివారం పొద్దున బస్సు లేదు. సబ్‌సెంటర్ వెనక ఈ క్వార్టర్‌లోనే ముగ్గురం ప్రార్థన చేసుకున్నాం. కృప ఊరుకుంటుందా? ఎనిమిదేళ్ళు నిండలేదు, పాస్టరమ్మ పెత్తనం. ఈతమట్టలు విరిచి తెచ్చి తమ్ముడికొకటి, మా ఆశా వర్కర్ జంపక్క మనవరాలు దుర్గకొకటి ఇచ్చి, "హోసన్నా" అంటూ సబ్‌సెంటర్ చుట్టూ తిప్పింది. రెండో చుట్టుకు పదిమంది పిల్లలయ్యారు. మూడో చుట్టుకు రెండు మేకపిల్లలు కూడా చేరి మట్టలు తినేశాయి. నవ్వలేక చచ్చాను.

వెనక మామిడిచెట్టు విరగకాసింది. కొమ్మలు నేలకు ఆనుతున్నాయి. ఇంత కాపున్నా ఊరి పిల్లలు ఒక్క రాయి విసరరు. మధిర దగ్గర మా పేటలో అయితే పిందెలప్పుడే చెట్టు దులిపేసేవాళ్ళం. ఇక్కడి పిల్లలు ఎంత బుద్ధిమంతులో! లేదంటే పుల్లటి కాయ విలువ తెలియనివాళ్ళు.

మార్చి 31

బదిలీ ఫారం నింపాను. సత్తుపల్లి దగ్గర ఖాళీ ఉందట. చివరి తేదీ ఏప్రిల్ పది. నింపినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు.

పిల్లలకు నాన్న దగ్గరుండాలి. అందుకే. ఇంకే కారణమూ లేదు.

ఏప్రిల్ 1

ఇంకే కారణమూ లేదని రాశాను నిన్న. ఎవరు చదువుతారని డైరీకి అబద్ధం చెప్పడం?

ఇక్కడికి వచ్చి మూడు నెలలు. ఇంటింటికీ తిరిగాను, సూదులు వేశాను, రెండు కాన్పులు చేయించాను. ఎదురైతే నవ్వుతారు, సిస్టరమ్మా అంటారు. కానీ నా ఇంట్లో ఇంతవరకూ ఒక్కరు ముద్ద ముట్టలేదు. జంపక్క నాకు కుడిచెయ్యి. రోజంతా నాతోనే తిరుగుతుంది. అయినా టీ గ్లాసు తీసుకుని అరుగు మీద కూర్చుంటుందే తప్ప గడప దాటదు. "తిందాం రా జంపక్కా" అంటే "ఇప్పుడే తిన్న సిస్టరమ్మా" అంటుంది. పొద్దున ఎనిమిదికీ ఇప్పుడే తిన్నదే, మధ్యాహ్నం రెండింటికీ ఇప్పుడే తిన్నదే. అంత తినే మనిషి అంత సన్నగా ఎట్లా ఉంటుందమ్మా?

ఇంటర్‌లో నా స్నేహితురాలు ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. అమ్మ సంబరంగా సేమ్యా చేసి పెట్టింది. ఆ పిల్ల గిన్నె పట్టుకుని పది నిమిషాలు కూర్చుని, కడుపులో బాగాలేదని కింద పెట్టేసింది. మాల పేటలో ఏమీ తినొద్దని వాళ్ళింట్లో చెప్పి పంపారని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మే ఆ సేమ్యా తినేసింది, చక్కెర సరిపోయిందిలే అంటూ. అది చూసిన నాకు ఎవరైనా "ఇప్పుడే తిన్న" అంటే ఒళ్ళు మండుతుంది.

వీళ్ళు కోయవాళ్ళు. వాళ్ళకూ అట్లాంటిది ఉంటుందని నేననుకోలేదు.

ఈస్టర్‌కి భోజనానికి రమ్మని జంపక్కనూ, ఆమె భర్త సీతయ్యనూ, కోటేష్ సార్ వాళ్ళనూ పిలిచాను. వస్తామన్నారు. తింటారా అని అడగలేదు. ఇదేం పరీక్ష కాదు, పండుగ.

ఏప్రిల్ 2

నిన్న సాయంత్రం పిల్లలూ నేనూ మామిడికాయలు దింపాం. జంపక్క చూస్తూ నిలబడి "గిప్పుడే తెంపుతున్నరా?" అంది. "ముదిరితే పులుపు పోతుంది" అన్నాను, వంటలో పండిపోయినదానిలా. బుట్టెడు ఇచ్చి పంపాను.

ఇవాళ వాళ్ళింటి పక్క బాలింతను చూడటానికి వెళ్ళాను. జంపక్క ఇంటి చూరుకు నా బుట్ట అట్లాగే వేలాడుతోంది. ఒక్క కాయ తగ్గలేదు.

నేను ముట్టుకున్న కాయ కూడా పనికిరాదన్నమాట.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

ఉపవాసం. మూడు గంటలకు ముగ్గురం మోకరించాం. డానీ ప్రార్థన మధ్యలో నిద్రపోయాడు.

మా ఆయన ప్రభాకర్ ఫోన్ చేశాడు. ఆదివారం డ్యూటీ పడిందట, రాలేడట.

"సరే" అన్నాను.

"సరే అంటే?"

"సరే అంటే సరే."

"ఫారం ఇచ్చినవా?"

"ఇస్తాలే. సోమవారం."

పెట్టేశాను. సోమవారం అని నోట్లోంచి ఎట్లా వచ్చిందో. ఆదివారం గడిచాక అన్నమాట.

ఏప్రిల్ 4

టమాటాలు లేవు, నిమ్మకాయలు లేవు, సంత మంగళవారం. ఉన్నదల్లా మామిడికాయ. సరే, ఒక్క చెట్టుతో విందు చేసి చూపిస్తాను. మామిడికాయ పులిహోర, మామిడికాయ పప్పు, ఎండురొయ్యలు మామిడికాయ, నాటుకోడి కూర (పులుపుకు అందులోనూ రెండు ముక్కలు), కాల్చిన మామిడికాయతో పచ్చిపులుసు, తాగడానికి మామిడికాయ షర్బత్. ఆరు రకాలు! మా అమ్మ చూస్తే చేతులు ముద్దు పెట్టుకునేది.

శ్రమల దినాలని నలభై రోజులు నీచు ముట్టలేదు. కోడిని చూస్తే దాని మీద ప్రేమ పుట్టుకొస్తోంది.

కృప ఫోన్‌లో చూసిందట, ఈస్టర్‌కి గుడ్లకు రంగులు వేసి దాచాలట. మా చిన్నప్పుడు ఇవన్నీ ఎక్కడివి? సమాధుల దగ్గర కొవ్వొత్తులు, తెల్లబట్టలు, అంతే. సరే అని ఇరవై నాలుగు గుడ్లు ఉడకబెట్టి ఇచ్చాను. పసుపు పూసింది, ఉల్లిపొట్టు నీళ్ళలో ముంచింది. తిరిగి చూసేసరికి నా పల్స్ పోలియో మార్కర్ తీసి గుడ్డుగుడ్డుకీ గీత పెడుతోంది. వీపు మీద ఒక్కటిచ్చాను. ఆ తర్వాత వరసగా పేర్చి చూస్తే ఇరవై నాలుగు గుడ్లూ చుక్కల మందు వేయించుకుని కూర్చున్నట్టే ఉన్నాయి.

ఏప్రిల్ 5, ఈస్టర్, పొద్దున

నాలుగింటికి లేపాను. తెల్లబట్టలు వేసి, చేతుల్లో కొవ్వొత్తులు పెట్టి వాకిట్లో నిలబెట్టాను. తూర్పున ఇంకా చీకటే.

డానీ అడిగాడు: "యేసయ్య లేచిండా?"

"లేచాడు నాన్నా."

"మరి నన్నెందుకు లేపినవ్?"

పాట మొత్తం నవ్వుతూనే పాడాం. తప్పైతే ప్రభువు క్షమించాలి.

పాలు విరిగిపోయాయి. పెరుగు లేనట్టే. పర్వాలేదు, ఆరు రకాలున్నాయి. గుడ్లన్నీ దాచేశాను. పన్నెండింటికి వస్తారు.

ఇప్పటికే నాలుగుసార్లు వాకిట్లోకి వెళ్ళి చూశాను.

అదే రోజు, సాయంత్రం

వరసగా రాయాలి. లేకపోతే రేపు నేనే నమ్మను.

చెప్పిన టైముకు అందరూ వచ్చారు. సీతయ్య తెల్లపంచె కట్టుకుని, జంపక్క కొత్త చీరలో, దుర్గ తలనిండా పూలతో. జంపక్క తాను కుట్టిన అడ్డాకు విస్తర్ల కట్ట తెచ్చింది. మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చింది. కోటేష్ సార్ బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చాడు, కవిత చంకలో చంటిది. చాపలు పరిచి కూర్చోబెట్టాను. ప్రార్థన చేశాను. వడ్డించాను.

ఎవరూ చెయ్యి పెట్టలేదు.

సీతయ్య విస్తరి వైపు చూస్తున్నాడు. కోటేష్ సార్ పులిహోరను వేలితో ఒక మూలకు జరుపుతున్నాడు. దుర్గ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ నానమ్మ మొహం చూస్తోంది. జంపక్క నన్ను చూసి నవ్వబోయి నేలచూపు చూసింది. డానీ, కృప మాత్రం లొట్టలేస్తున్నారు.

"తినండి" అన్నాను.

"కడుపు నిండుగుంది అక్కా" అంది కవిత.

అంతే. నాకు గిన్నె పట్టుకుని కూర్చున్న ఆ పిల్ల కనబడింది. గరిట కింద కొట్టాను.

"నిండకేం చేస్తుంది! లేవండి. నేను వండింది తింటే మైలపడతారని ముందే చెబితే ఇంత చేసేదాన్నే కాదు. మూడు నెలలనుంచి చూస్తున్నా. నా కాయలు చూరుకు వేలాడదీస్తారు, నా అన్నం ముట్టరు, సూది మాత్రం వేయించుకుంటారు. మీరు అట్లాంటివాళ్ళు కాదనుకున్నా!"

మా అమ్మ ఆ రోజు మింగిన మాటలు ఇన్నేళ్ళకు నా నోట్లోంచి ఊడిపడ్డాయి. డానీ నోట్లో ముద్ద పెట్టుకుని అట్లాగే ఆగిపోయాడు.

"మైలేంది సిస్టరమ్మా?" అంది జంపక్క. నిజంగానే అర్థంకాని మొహం.

అప్పుడు సీతయ్య, మూడు నెలల్లో నాతో పది మాటలు మాట్లాడని సీతయ్య, గొంతు సవరించుకున్నాడు.

"పుష్పమ్మా, కోపం తర్వాత జేద్దువు. ఆకలైతుంది. ఇంట్ల మామిడికాయ లేనిది ఏమన్న ఉందా?"

"మామిడికాయా?"

"మామిడికాయ పండుగ ఇంక కాలే గదా" అంది జంపక్క. "పెద్దలకు పెట్టకముందు కొత్తకాయ నోట్ల పెట్టుకోవద్దు మేము. మొన్న నువ్వు తెంపుతుంటె చెప్దామనుకున్న. మీ దేవుడు వేరు, మీరు తినొచ్చు, మా నేమం మీ మీద పెట్టుడెందుకని ఊకున్న. నువ్విచ్చిన కాయలు పండుగకు దాచిన, పారేసిననా? ఒక్క కూర తప్పిచ్చుకుంటె అయిపాయె అనుకున్నం గని, అన్నిట్ల ఏస్తవని ఎవలకు తెలుసు?"

బుద్ధిమంతులైన పిల్లలు, రాయి పడని చెట్టు, చూరుకు వేలాడే బుట్ట, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"కోడికూర తినండి, అందులో..." అని ఆగాను.

"అందులో కూడా ఏసింది" అన్నాడు డానీ, నోరు నిండా.

"పచ్చిపులుసు?" అంది జంపక్క.

"కాల్చి పిసికాను."

"తాగేటిది?"

కోటేష్ సార్ గ్లాసు మెల్లగా చాప మీద పెట్టేశాడు.

"మీరైనా తినొచ్చు కదా సార్, మీరు తండా వాళ్ళు" అన్నాను.

"ఆరేండ్లాయె సిస్టర్ ఈ ఊర్ల ఉండవట్టి. ఊర్ల ఉన్నప్పుడు ఊరితోనే."

"నేనైతె చికెన్ ఉంటదని పొద్దటిసంది ఏం తినలే" అంది కవిత, ఏడుపు మొహం పెట్టి. "కడుపు నిండిందని ఉత్తగనే అన్న."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. సీతయ్య అనుకుంటా. తర్వాత అందరం. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి ముక్కు కారింది. "క్షమించు జంపక్కా" అంటే, "ఏడ్సుడు గూడ తర్వాతనే, ముందు తిండి సూడు" అంది.

తెల్లన్నం ఉంది. పెరుగు లేదు. మామిడికాయ తగలని కూర లేదు. అప్పుడు కృప లేచి నిలబడి, "గుడ్లున్నాయి కదా మమ్మీ!" అంది.

ఉన్నాయి. ఇరవై నాలుగు. కాకపోతే అన్నీ దాచి ఉన్నాయి.

ఇక చూడాలి ఆ సంబరం! పిల్లల ఆటగా పెట్టింది పెద్దవాళ్ళ పని అయిపోయింది. పిల్లలు అటొకరు ఇటొకరు, వాళ్ళ వెనక ఆకలితో పెద్దలు. నేను దాచినదాన్నే, కంగారులో సగం చోట్లు మరిచిపోయాను. సీతయ్య పంచె ఎగ్గట్టి వాకిలి నేలను ఒకసారి అటూ ఇటూ చూశాడు. పొద్దున నేను ఎక్కడెక్కడ అడుగువేశానో చెప్పేసి, కట్టెల కింద మూడు, బోరింగు దగ్గర రెండు, కుండీలో నాలుగు తీసి పంచెలో వేసుకున్నాడు. అడవిలో కుందేలు జాడ పట్టే మనిషికి నా చెప్పుల జాడ ఒక లెక్కా! "తాత మొత్తం తీస్తుండు, మాకుంచు!" అని పిల్లలు ఆయన కాళ్ళకు చుట్టుకున్నారు. కోటేష్ సార్ చెట్టెక్కి, కొమ్మ మీదినుంచి ఒకటి తీయబోతే అది జారి కవిత నెత్తిన పడింది. కవిత నెత్తి రుద్దుకుంటూనే ఆ గుడ్డు ఒలిచి తినేసింది. జంపక్క ఖాళీ వ్యాక్సిన్ డబ్బా తెరిచి, "గిండ్ల సూదిమందు ఉండాలె గని గుడ్డేంది సిస్టరమ్మా, రిపోర్ట్ జేస్తరు" అని గదిమింది. డానీకి ఒక్కటే దొరికింది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా నిక్కర్ జేబులో పెట్టుకుని, కూర్చోగానే చితికిపోతే ఊరంతా వినబడేలా ఏడ్చాడు.

ఇరవై రెండు దొరికాయి. జంపక్క తిన్నగా నా వంటింట్లోకి వెళ్ళింది.

"ఉల్లిగడ్డలు ఏడ పెట్టినవ్? నూనె గింతేనా? పండుగ పూట గిట్ల పిసినారితనమేంది?"

నా పొయ్యి దగ్గర నిలబడి నన్ను తిడుతోంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. అంత సంతోషం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

గుడ్లు, ఉల్లికారం, వేడన్నం. పోలియో మార్కర్ మచ్చలు అక్కడక్కడా తెల్లసొన మీదికి దిగాయి, వాటిని గిల్లి పారేసి తిన్నాం. మొదటి కుండ అయిపోయింది. రెండోసారి వండాను. సీతయ్య మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఆరు రకాలూ నేనూ నా పిల్లలూ రేపు కూడా తినాలి.

ప్రభాకర్ ఫోన్ చేస్తే నవ్వుతూ చెప్పాను. ఆయనా నవ్వాడు, చాలాసేపు. ఫారం మాట ఇద్దరం ఎత్తలేదు.

ఏప్రిల్ 6

జంపక్కను అడిగేశాను. మరి మూడు నెలలు నా ఇంట్లో ఎందుకు తినలేదు?

"నువ్వెప్పుడు అడిగినవ్?"

"రోజూ అడిగాను!"

"అడుగుతవ్. తిన్న అంటె సరే అని గిన్నె మూతవెడ్తవ్. ఒక్కసారి పిలిస్తె ఎవలన్న కూసుంటరా? కరువుల ఉన్నరనుకోరా? మూడుసార్లు అనాలె, రెక్కపట్టి గుంజాలె."

మూడు నెలల దుఃఖం, ఇంకో రెండుసార్లు అడిగితే తీరిపోయేది. ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళకు ఇట్లాగే కావాలి.

ఏప్రిల్ 7

ఫారం బల్ల మీదే ఉంది. చివరి తేదీ పది.

నా ఇంట ఎవరూ తినరన్న కారణం పోయింది. పిల్లలకు నాన్న కావాలన్న కారణం మాత్రం ఎక్కడికీ పోలేదు. డానీ తన చెప్పుల పక్కన వాళ్ళ నాన్న పాత చెప్పులు పెట్టుకుంటాడు.

ఏప్రిల్ 9, గురువారం

సీతయ్య పొద్దున్నే సంచితో వచ్చాడు. ఆదివారం మామిడికాయ పండుగట. ఊరంతా కలిసి వండుకుని తింటారు. ఇంటికి మానికెడు బియ్యం పోగుచేస్తున్నాడు.

"నన్ను కూడా అడుగుతున్నావా?" అన్నాను. "ఇంతకుముందు సిస్టర్లు ఇచ్చారా?"

"వాళ్ళను అడగలే. పోయేటోళ్ళ బియ్యం మాకెందుకు? నిన్న ఊర్ల కూసున్నప్పుడు అనుకున్నం. పుష్పమ్మను అడుగుదాం, ఉంటనంటె తీసుకుందాం అని." సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు. "ఉంటవా, పోతవా?"

ఇంత సూటిగా నన్ను మా ఆఫీసర్ కూడా అడగలేదు. పాస్టరుగారు ఏమంటారో అని ఒక్క క్షణం అనుకున్నాను. అన్నానికిచ్చే బియ్యమే కదా, ఏమైనా అంటే ఆయనకే చెప్పుకుంటాను. లోపలికి వెళ్ళి రెండు మానికెలు కొలిచి తెచ్చి పోశాను.

"ఇంటికి ఒకటే" అన్నాడు సీతయ్య.

"రెండోది మా ఆయనది."

"ఆయన ఈడ ఉండడు గదా."

సీతయ్య రెండో మానికె నాకే తిరిగి పోసి, సంచి భుజాన వేసుకుని పక్కింటికి వెళ్ళిపోయాడు.

షిఫ్ట్ మధ్యలో ఉంటాడని తెలిసి కూడా ప్రభాకర్‌కి ఫోన్ చేశాను. ఫారం వేయడం లేదని చెప్పాను. ఆగితే ధైర్యం పోతుందని గబగబా మిగతాదీ చెప్పేశాను.

"నీకోసం వస్తానని ఇన్నాళ్ళూ చెప్పాను. అబద్ధం. ఇక్కడ నన్నెవరూ కోరుకోవడం లేదని వచ్చేద్దామనుకున్నాను. ఇప్పుడు ఉండమంటున్నారు. నాకు ఉండాలని ఉంది. నువ్వు లేకుండా మాత్రం ఉండాలని లేదు. ఏం చేయాలో నాకు తెలియదు."

వెనక డంపర్ల మోత ఒక్కటే వినబడుతోంది. కోపమొచ్చిందనుకున్నాను.

"తిట్టు, పడతాను" అన్నాను.

"తిట్టుడేంది, ఆలోచిస్తున్న" అన్నాడు. "నువ్వే రావాలని ఇద్దరం ఎందుకు పట్టుకుని కూర్చున్నం పుష్పా? గోదావరి దాటితె మణుగూరు. ఆడ తవ్వేది గూడ బొగ్గే గదా. ఈసారి ఫారం నేను నింపుత."